మొదటి ట్యూబ్ ఆంప్లిఫైయర్: 12 వోల్టులా, 250 వోల్టులా?

కొత్త చేయి:
ట్రాన్సిస్టర్లతో చిన్న సర్క్యూట్లు కొన్ని చేశాను; ట్యూబుల జోలికి వెళ్లడం ఇదే మొదలు. సిగ్నల్‌ను పెంచే ఈసీసీ 83 ట్యూబు ముందు, స్పీకరును నడిపే ఈఎల్ 84 ట్యూబు వెనుక ఉండే, 250 వోల్టుల సింగిల్ ఎండెడ్ (చివర ఒక్క ట్యూబే స్పీకరును నడిపే) ఆంప్లిఫైయర్ చేద్దామనుకుంటే, ముందుగా 12 వోల్టుల హైబ్రిడ్ (ట్యూబు, ట్రాన్సిస్టరు కలిసినది) చేయమని ఒక మిత్రుడు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

పాత రేడియో:
మీ మిత్రుడి మాటే నాదీ. 12 వోల్టుల ట్యూబును ఆటవస్తువని తీసిపారేయకండి. 1950లలో కారు రేడియోల కోసం ప్లేటుకు 12 వోల్టులే సరిపోయే ట్యూబులు తయారయ్యాయి, స్పీకరును నడిపే బరువు మాత్రం ట్రాన్సిస్టరు మోసేది. ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు, ఆ ప్రవాహాన్ని అదుపు చేసే గ్రిడ్, సిగ్నల్ లేనప్పుడు గ్రిడ్‌ను నిలిపి ఉంచే బయాస్ వోల్టేజీ అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. మీ 250 వోల్టుల ఆంప్లిఫైయర్‌లోనైతే, లోడు లేనప్పుడు సప్లై చేరే 325 వోల్టుల వద్ద 100 మైక్రోఫారడ్ల కెపాసిటరులో 5 జౌళ్లకు పైగా శక్తి నిలిచి ఉంటుంది. ప్లగ్గు పీకినా అది అక్కడే ఉంటుంది. తొలి పాఠం దానితో ఎందుకు?

టంకం పొగ:
పాత రేడియో గారితో ఇక్కడ విభేదిస్తున్నాను. ఆ శక్తిని గౌరవించడమే ఈ విద్యలో తొలి పాఠం, దాన్ని 12 వోల్టుల సర్క్యూట్ నేర్పదు సరికదా, తీగలను చేత్తో కదిపి చూసే అలవాటును నేర్పి పంపుతుంది. పైగా హైబ్రిడ్‌లో ట్యూబును స్పీకరుకు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 8 ఓంల స్పీకరును ట్యూబుకు 5,000 ఓంలుగా చూపించే 25:1 చుట్ల నిష్పత్తి, ఎడతెగని డీసీ వల్ల ఇనుప కోరు అయస్కాంతంగా సంతృప్తం కాకుండా అందులో వదిలే గాలి సందు, స్పీకరు తగిలించకుండా నడిపితే ప్రైమరీలో ఎగసే వోల్టేజీ: ఇవి తెలియకుండా ట్యూబ్ ఆంప్లిఫైయర్ తెలిసిందనలేం. కొలతలేమో నిజానికి తేలికే. ఈఎల్ 84లో ఎలక్ట్రాన్లను వదిలే కేథోడ్ దగ్గరి 150 ఓంల రెసిస్టరు మీద 7.2 వోల్టులు కనిపిస్తే కరెంటు 48 మిల్లీఆంపియర్లు. అందులో కొంత స్క్రీన్ అనే రెండో గ్రిడ్‌కు పోతుంది కాబట్టి, 250 వోల్టుల వద్ద ప్లేటు తన 12 వాట్ల హద్దుకు కాస్త లోపలే ఉంటుంది. కెపాసిటరుకు అడ్డంగా నిలిచిన శక్తిని మెల్లగా ఖాళీ చేసే 220 కిలో ఓంల, 2 వాట్ల బ్లీడర్ రెసిస్టరు పెడితే భయం సగం తీరుతుంది.

పాత రేడియో:
ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో మీతో వాదించను. బ్లీడర్ మీద నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోను. అది బాగున్నా 325 నుంచి 50 వోల్టులకు దిగడానికి 40 సెకన్లు పడుతుంది. దాని టంకం ఊడితే ఎంతసేపు ఆగినా ధైర్యం చేయలేం. కాబట్టి ప్రతిసారీ మీటరుతో కొలవాల్సిందే.

టంకం పొగ:
అది నిజమే, నా మాటను సరిదిద్దుకుంటున్నాను. అయినా ఆ కొలిచే అలవాటు కూడా 250 వోల్టుల పక్షానే నిలుస్తుంది. కొత్త చేయి గారు పవర్ సప్లైని ఒక్కదాన్నే ముందు కట్టాలి, ట్యూబులు లేకుండా. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని 230 వోల్టుల సెకండరీ నుంచి లోడు లేనప్పుడు 325 దాకా వస్తుంది కనుక 450 వోల్టుల కెపాసిటర్లే వాడాలి. ఛాసిస్‌కు ఎర్త్ తప్పదు. మొదటిసారి మెయిన్స్‌కు వరుసలో ఒక ఫిలమెంట్ బల్బు పెట్టాలి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి చెబుతుంది.

కొత్త చేయి:
అలాగైతే సప్లైతోనే మొదలుపెడతాను. ఆపడం, ఒక చేయి వెనక్కి పెట్టుకుని కొలవడం ఇరవై సార్లు చేశాకే ఈఎల్ 84ను సాకెట్‌లో పెడతాను. ట్యూబులను వేడిచేసే హీటరు తీగలను ఇప్పుడే మెలిపెట్టి ఛాసిస్ మూలల వెంట పోనిస్తే హమ్ (స్పీకరులో గుయ్‌మనే మోత) తగ్గుతుందా, లేక ట్యూబులు పెట్టాక చూసుకోవచ్చా?

పాత రేడియో:
ఇప్పుడే. మిగతా భాగాలు నిండాక ఆ మూలలకు చేయి పోదు.