మిల్లు ఓనర్ల తరఫున క్లెయిమ్ చూసే లైసెన్స్ మన దగ్గర ఉన్నదా? సర్వేయర్ లైసెన్స్, రెన్యువల్ ఎట్ల?

మిర్యాలగూడ_మెకానికల్

అందరికీ నమస్తే. నాది మెకానికల్ డిప్లొమా. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, నల్లగొండ దిక్కు జిన్నింగ్ మిల్లులు మస్తున్నయి. అగ్గి పడ్డప్పుడు క్లెయిమ్ కాయిదాలు ఎట్ల పెట్టాల్నో చానామంది ఓనర్లకు తెల్వదు. మా బాబాయి కొడుకు డల్లాస్‌ల పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్స్‌కు చదువుతున్నడు. అక్కడ పాలసీదారు దిక్కు నిలబడి క్లెయిమ్ చూస్తే, వచ్చిన పైసల్ల పర్సంటేజీ తీసుకోవచ్చట. మన దగ్గర అసొంటి లైసెన్స్ ఉన్నదా? లేకుంటే సర్వేయర్ లైసెన్స్ తీసుకొని ఆ పని చెయ్యొచ్చా? రెన్యువల్ ఎన్నేండ్లకు? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

పాలమూరు_లాస్_అసెసర్

తమ్మీ, పాలసీదారు దిక్కు పర్సంటేజీ మీద పనిచేసే అడ్జస్టర్ లైసెన్స్ మన దేశంల లేదు. ఇక్కడున్నది సర్వేయర్ అండ్ లాస్ అసెసర్ లైసెన్స్. 1938 బీమా చట్టం 64యూఎం సెక్షన్, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ ఐఆర్‌డీఏఐ 2015 నిబంధనలు దీనికి ఆధారం. సర్వేయర్‌ను పెట్టేది, ఫీజు ఇచ్చేది బీమా కంపెనీ. అట్లని అతను కంపెనీ మనిషి కాడు, ఓనర్ మనిషి కూడా కాడు. నష్టం ఎంతో, పాలసీ కింద ఎంత వర్తిస్తదో తటస్థంగ తేల్చాలె. ఒక మిల్లు ఓనర్ దగ్గర పర్సంటేజీ మాట్లాడుకొని అదే మిల్లు నష్టాన్ని సర్వేయర్‌గ లెక్కగట్టుడు ప్రవర్తన నియమావళికి పూర్తిగ విరుద్ధం. లైసెన్స్ మీదికి వస్తది. ఆ ఆలోచన ఇప్పుడే తీసెయ్.

మోటార్‌ల 50,000 రూపాయలు, మిగతా వాటిల లక్ష రూపాయలు, అంతకు మించిన నష్టాలకు కంపెనీ లైసెన్స్ ఉన్న సర్వేయర్‌నే పెట్టాలె. మన జిల్లాలల్ల రోజువారీ పని ఎక్కువగ మోటార్‌దే. ఫైర్ క్లెయిములు తక్కువొస్తయి గని ఒక్కొక్కటి పెద్దగుంటది.

లైసెన్స్ విభాగాల వారీగ ఇస్తరు: ఫైర్, మోటార్, ఇంజినీరింగ్, మెరైన్ కార్గో, మెరైన్ హల్ (ఓడలు), మిస్సెలేనియస్, లాస్ ఆఫ్ ప్రాఫిట్, క్రాప్. ఏ చదువుకు ఏ విభాగం దొరుకుతదో నిబంధనల్లనే పట్టిక ఉన్నది. ఒక్క రూపాయి కట్టకముందే నీ డిప్లొమా ఎదురుంగ ఏమున్నదో అండ్ల చూడు.

వరుస ఇట్ల: ముందు సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్ఎల్ఏల విద్యార్థి సభ్యత్వం. తర్వాత సీనియర్ సర్వేయర్ కింద 12 నెలల ప్రాక్టికల్ ట్రైనింగ్, మూడు నెలలకోసారి ఆయన సంతకంతోటి రిపోర్టు. ముంబైల ఉన్న ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఎస్-01 పేపర్ అందరూ రాయాలె, దాంతోపాటు నీ విభాగం పేపర్. ఇవి అయినంక ఐఆర్‌డీఏఐ ఆన్‌లైన్ పోర్టల్ బ్యాప్‌ల లైసెన్స్‌కు దరఖాస్తు. సంస్థల మొదటి మెట్టు లైసెన్షియేట్, తర్వాత అసోసియేట్, ఆపైన ఫెలో.

గాడి తప్పేది ఎక్కువగ ట్రైనింగ్ కాడ. ట్రైనింగ్ ఇచ్చేటాయన లైసెన్స్‌ల ఫైర్ లేకుండ నువ్వు ఫైర్ అడిగితే ఆ పన్నెండు నెలలు లెక్కకు రావు. మూడు నెలల రిపోర్టులన్నీ కలిపి చివర్ల ఒక్కసారి పంపితే ప్రశ్నలొస్తయి. పదో తరగతి మెమోల ఇంటిపేరు పూర్తిగ, పాన్ కార్డుల ఒక్క అక్షరం ఉంటే పోర్టల్ కాడ దరఖాస్తు ఆగుతది. పేరు ముందే సరిచేపిచ్చుకో.

ఫైల్_నంబర్_64

రెన్యువల్ గురించి. 2015 నిబంధనల ప్రకారం లైసెన్స్ మూడేళ్లకే. అంతకు ముందు అయిదేళ్లు ఉండేది, పాత ఫైళ్లు చూసి ఆ లెక్కన కూర్చోవద్దు. దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఉన్న నిబంధన, ఫీజు మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

రెన్యువల్ ఆగడానికి పెద్ద కారణాలేమీ ఉండవు. సంస్థ సభ్యత్వ చందా బాకీ పడి ఉంటుంది. లేదా బ్యాప్ పోర్టల్‌కు ఇచ్చిన పాత ఫోన్ నంబర్ వాడుకలో లేక ఓటీపీ రాదు. అడ్రస్ మారినా చెప్పి ఉండరు. వీటిని సరిచేయడానికే వారాలు పడుతుంది కనుక గడువుకు మూడు నెలల ముందే పోర్టల్ తెరిచి చూసుకోవాలి.

అసలు చిక్కు గడువు మధ్యలో పడిన సర్వేలతో వస్తుంది. 20వ తేదీన లైసెన్స్ ముగుస్తుందనుకోండి. 12న కంపెనీ పని అప్పగించింది, 13న మిల్లు చూశారు, రిపోర్టు మీద సంతకం 24న పెట్టారు. ఆ సంతకం పెట్టిన రోజున మీకు లైసెన్స్ లేదు. క్లెయిమ్ కోర్టుకో వినియోగదారుల కమిషన్‌కో పోతే అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ తేదీనే, నష్టపోయేది ఏ పాపం తెలియని మిల్లు ఓనరు. రిపోర్టు మీద లైసెన్స్ నంబర్, విభాగం, గడువు తేదీ మూడూ రాయడం అలవాటు చేసుకుంటే మీ కంటికే ముందు పడుతుంది.

ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ తర్వాత టైము కూడా బిగించారు. క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌కు అప్పగించాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు అందాక 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. గడువు దగ్గరపడ్డ లైసెన్స్‌తో పెద్ద ఫైర్ సర్వే ఒప్పుకోకపోవడమే న్యాయం.

డల్లాస్_దేవరకొండ

డల్లాస్‌లో ఉన్న మీ బాబాయి కొడుకు కోసం టెక్సస్ సంగతి చెప్తా. అక్కడ పబ్లిక్ ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌ది వేరే లైసెన్స్, టెక్సస్ ఇన్సూరెన్స్ కోడ్ 4102వ అధ్యాయం కింద వస్తుంది. కంపెనీల తరఫున పనిచేసే అడ్జస్టర్ లైసెన్స్ చేతిలో ఉన్నా ఇది విడిగా తీసుకోవాలి. పరీక్ష, వేలిముద్రలు, 10,000 డాలర్ల ష్యూరిటీ బాండ్ (హామీ పత్రం) కావాలి. బాండ్ మధ్యలో రద్దయితే లైసెన్స్ నిలవదు కాబట్టి బాండ్ ప్రీమియం తేదీని రెన్యువల్ తేదీతో పాటు రాసిపెట్టుకోమనండి.

లైసెన్స్ రెండేళ్లు. ఆ రెండేళ్లలో 24 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి, అందులో కొంత ఎథిక్స్ తప్పనిసరి. తక్కువైన ప్రతి గంటకు 50 డాలర్ల జరిమానా ఉంది. గడువు దాటాక 90 రోజుల వరకు అదనపు రుసుముతో రెన్యువల్ చేస్తారు, అదీ దాటితే రెన్యువల్ లేదు, కొత్త దరఖాస్తే.

ఫీజు క్లెయిమ్ మొత్తంలో 10 శాతం మించకూడదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, సంతకం చేసిన 72 గంటల్లోపు ఇంటాయన రద్దు చేసుకోవచ్చు. క్లెయిమ్ చూస్తున్న ఇంటికే రిపేరు కాంట్రాక్టు తీసుకోకూడదు. మనవాళ్లు రూఫింగ్ వ్యాపారం నుంచి ఇటు వస్తుంటారు కాబట్టి ఇది గట్టిగా చెప్పండి.

పాలమూరు_లాస్_అసెసర్

ఓనర్లకు సాయం చెయ్యాలన్నదే నీ మనసుల ఉంటే దానికి సక్కని తొవ్వ ఉన్నది. బ్రోకర్ల 2018 నిబంధనల్ల క్లెయిమ్ కన్సల్టెన్సీ ఉన్నది, పరిమితులతోటి. బ్రోకింగ్ సంస్థల చేరి ఆ పని చెయ్యొచ్చు. వట్టి స్టాక్ రికార్డులు సక్కదిద్దుడైతే మాట్లాడుకున్న ఫీజుకు ఎవరన్నా చెయ్యొచ్చు. సర్వేయర్ అనో అడ్జస్టర్ అనో బోర్డు మాత్రం పెట్టొద్దు.

ఆ రికార్డుల కాడనే మన మిల్లుల క్లెయిములు కోసుకపోతున్నయి. సర్వేయర్ క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు వేసి మిల్లు రిజిస్టర్ చూస్తడు, దాని పక్కన కరెంటు బిల్లు యూనిట్లు పెడతడు, బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ తీస్తడు. మూడూ మూడు లెక్కలు చెప్తే తక్కువున్న దాన్నే పట్టుకుంటడు. సీఎంఆర్ వడ్లు, అంటే బియ్యం పట్టియ్యమని సర్కారు మిల్లుకు ఇచ్చినవి, సివిల్ సప్లయ్స్ శాఖవి, వాటిని సొంత వడ్ల తోటి ఒకే లైన్‌ల రాస్తే ఎవరి సరుకు ఎంత కాలిందో తేలదు. తడి పత్తి కుప్ప తనంతల తాను వేడెక్కి అంటుకుంటే అన్ని ఫైర్ పాలసీలల్ల రాదు, నీ పాలసీల లేకుంటే దానికి అదనపు కవర్ తీసుకోవాలె.

ఇంకోటి, తక్కువ మొత్తానికి బీమా. 80 లక్షల సరుకుకు 60 లక్షలకే పాలసీ తీసుకొని 20 లక్షలు కాలితే, యావరేజ్ క్లాజ్ (సరుకు విలువల ఎంత వంతుకు బీమా ఉంటే నష్టంల అంత వంతే ఇచ్చే షరతు) కింద వచ్చేది 15 లక్షలే. దీన్ని సర్వేయర్ కోత అని తిడుతరు, పాలసీల రాసుకున్నదే అది.

ఫైల్_నంబర్_64

సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకునే హక్కు ఓనర్‌కు ఉంది, రాతపూర్వకంగా అడగండి. రిపోర్టే చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో న్యూ ఇండియా అష్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. రిపోర్టులో ఏ అంకె ఎందుకు తప్పో ఆధారంతో చూపితేనే ఆ తీర్పు పనికొస్తుంది. సొంత యాజమాన్యంలోని సంస్థలు, సూక్ష్మ పరిశ్రమలు 50 లక్షల వరకు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ముందు కంపెనీకే ఫిర్యాదు ఇచ్చి ఉండాలి.

మిర్యాలగూడ_మెకానికల్

మస్తు ఉపయోగపడ్డది. పర్సంటేజీ ఆలోచన ఇడిసిపెట్టిన, సర్వేయర్ దారిల్నే పోత. ట్రైనింగ్ ఇచ్చేటాయన లైసెన్స్ సరైందో కాదో యాడ చూడాలె?

పాలమూరు_లాస్_అసెసర్

ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌ల సర్వేయర్ల జాబితా ఉన్నది, పేరు కొట్టి చూడు. విభాగం, గడువు రెండూ చూడు. నీ పన్నెండు నెలల నడుమ ఆయన గడువు పడుతుంటే, రెన్యువల్ అయినంకనే ట్రైనింగ్ మొదలువెట్టు.