.32 పిస్టలా, .32 రివాల్వరా, .22 చాలా?

గుణుపురం_జీడిపప్పు: అన్నలూ, లైసెన్స్ వచ్చేలా ఉంది. సీజన్‌లో సంతల నుంచి డబ్బుతో ఘాటీ రోడ్డు మీద రాత్రిపూట రావాల్సి వస్తుంది, అదే టెన్షన్. 9 ఎంఎం తీసుకో అని ఒకరు, .22 రివాల్వర్ చాలు, తూటా చవక కాబట్టి బాగా ప్రాక్టీస్ చెయ్యొచ్చని మా బావ. ఎవరి మాట వినాలి?

జయపురం_కాంట్రాక్టర్: 9 ఎంఎం మర్చిపో తమ్ముడూ. అది నిషిద్ధ బోర్ (బోర్ అంటే గొట్టం సైజు), .45 కూడా అంతే, మామూలు లైసెన్స్ మీద రావు. .32 పిస్టల్ తీసుకో. పల్చగా ఉంటుంది, చొక్కా కింద కనపడదు, మేగజైన్ మార్చడం క్షణం పని.

సిరొంచ_వడ్లవ్యాపారి: నేను మీ బావ పక్షం. చెయ్యి అలవాటు కాకపోతే ఏ బోర్ ఉండి ఏం లాభం? .22కి వెనక్కి తన్నడం తక్కువ, చప్పుడు తక్కువ, కొత్తవాళ్లు కళ్లు మూసుకోకుండా కాలుస్తారు.

పర్లాకిమిడి_మాస్టారు: ప్రాక్టీస్ సంగతిలో సిరొంచ తమ్ముడితో నాకు పేచీ లేదు, నేర్చుకోవడానికి .22 మంచిదే. కానీ .22 తూటాలో నిప్పు రాజేసే మందు అడుగు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది, ఒక్కోచోట సరిగా పడదు, అందుకే అడుగు మధ్యలో ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత) ఉండే .32 కంటే ఇది పేలకపోవడం ఎక్కువ. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోమని నేను చెప్పలేను.

ఇక .32 అంటే ఒకటి కాదు, రెండు. పిస్టల్‌లో వాడేది .32 ఏసీపీ, 1899లో వచ్చింది, గుండు సుమారు 71 గ్రెయిన్లు (గుండు బరువు కొలత). రివాల్వర్‌ది .32 లాంగ్, 1896 నాటిది, 98 గ్రెయిన్లు, బరువెక్కువ, వేగం తక్కువ. రెండింటి శక్తీ దాదాపు ఒకటే, 9 ఎంఎంలో మూడో వంతు. దాని తూటా దీనికి పనికిరాదు, కొనేటప్పుడు పెట్టె మీద పేరు చదివి తీసుకో. శక్తి ఇంత తక్కువ కాబట్టి గుండు ఎక్కడ తగిలిందన్నదే అసలు లెక్క, అంటే మళ్లీ ప్రాక్టీసే.

నా ఓటు రివాల్వర్‌కే. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కుతావు, తర్వాతది ముందుకొస్తుంది. పిస్టల్ అయితే స్లయిడ్ వెనక్కి లాగి చెడ్డ తూటాని బయటికి తియ్యాలి, చీకట్లో, వణికే చేతులతో. పైగా ఏసీపీ తూటా అడుగున చిన్న అంచు బయటికి ఉంటుంది, మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక చిక్కుకుంటే పిస్టల్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పొట్టిగా ఉండే హాలో పాయింట్ (గుండు ముక్కున గుంట ఉండే) తూటాలతో ఇది ఇంకా ఎక్కువ. కాన్పూర్‌లో చేసే నిర్భీక్ రివాల్వర్ తేలిక. అదే ఊళ్లో 2023లో వచ్చిన ప్రబల్‌కి సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, రెండూ పట్టుకుని చూడు.

జయపురం_కాంట్రాక్టర్: మాస్టారూ, బిగుసుకోవడం చెత్త మేగజైన్ వల్ల, తూటాలు సరిగా పేర్చకపోవడం వల్ల. ఫుల్ జాకెట్ (పైన లోహపు తొడుగు ఉన్న) గుండు వేసి మేగజైన్ శుభ్రంగా ఉంచితే నా పిస్టల్ ఎన్నడూ ఆగలేదు. రివాల్వర్ ట్రిగ్గర్ బరువు (నొక్కడానికి పట్టే బలం) సంగతి మీరు చెప్పలేదు, గుండు పక్కకి పోయేది అందుకే.

పర్లాకిమిడి_మాస్టారు: ట్రిగ్గర్ బరువు నిజమే, ఒప్పుకుంటా. దానికి విరుగుడు, పేలని డమ్మీ తూటాలతో ఇంట్లో రోజూ ట్రిగ్గర్ నొక్కడం. అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ వైపు గురిపెట్టి. లైసెన్స్‌లో రాసిన కోటా దాటి కొనలేం కాబట్టి ఆ కోటాలో సగం రేంజ్‌లో కాల్చు, జేబులో ఏ తూటా ఉంటుందో అదే కాల్చు. వానాకాలంలో తోలు హోల్‌స్టర్‌లో వదిలెయ్యకు, చెమ్మ పట్టి తుప్పెక్కుతుంది, తూటాల మీద నూనె పొయ్యకు, ప్రైమర్ పాడవుతుంది.

సిరొంచ_వడ్లవ్యాపారి: మా గడ్చిరోలి వైపు లైసెన్స్ దొరకడమే గగనం, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పమంటారు కూడా. చట్టం మాట కూడా చెప్పండి.

పర్లాకిమిడి_మాస్టారు: ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. ముప్పుకు తగ్గ బలమే వాడాలి. ప్రాణభయం తప్పిపోయాక, పారిపోతున్నవాడి మీద కాలిస్తే కోర్టులో నిలబడటం చాలా కష్టం. డబ్బు సంచి పోతే పోనియ్యి బాబూ. పెళ్లిలో గాల్లోకి కాల్చినా ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

గుణుపురం_జీడిపప్పు: రివాల్వర్‌కే మొగ్గుతున్నా మాస్టారూ. బావని తీసుకెళ్లి రేంజ్‌లో .22, .32 రెండూ కాల్చి చూసి, అప్పుడు దరఖాస్తులో బోర్ రాస్తా.