ప్రపంచం లెక్కలో మా ఊరి మామ్మ ఉన్నట్టా, లేనట్టా?

ఉప్పుగాలి (ప్రశ్న అడిగినవారు)

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనున్న ఒక ఊళ్ళో గ్రామ సచివాలయం డిజిటల్ అసిస్టెంట్‌ని. ఊరి పేరు చెప్పను, మావాళ్ళు కొందరు ఇక్కడ చదువుతారు.

మొన్న సోమవారం ఒక మామ్మ వచ్చింది. ముసలాయన పోయి ఆరు నెలలైంది, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. ఆధార్ నంబరు కొట్టి వేలు పెట్టమన్నాను. పడలేదు. ఎన్నో ఏళ్ళుగా చేపల్ని ఉప్పులో పొర్లించి ఎండబెట్టే చేతులవి. వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయి చెంచా వెనకవైపులా నున్నగా ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచి, కాసేపు రుద్దించి మళ్ళీ పెట్టించాను. నాలుగుసార్లూ తిప్పికొట్టింది. ఇక మిగిలింది ఓటీపీ.

ఆధార్‌కి ఉన్న నంబరు కొడుకుది. కొడుకు గుజరాత్‌లో, వెరావల్లో బోటు మీద ఉన్నాడు. మా తీరం నుంచి ఏటా వందలమంది అలా వెళ్తారు. బోటు ఎక్కితే పది పదిహేను రోజుల దాకా ఒడ్డుకి రారు, నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. అయినా చూద్దామని ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. గుజరాతీలో ఒకమ్మాయి ఏదో చెప్పింది, తర్వాత అదే హిందీలో చెప్పింది. మామ్మ ఎంతో శ్రద్ధగా విని, "ఏటంటంది తల్లీ అది? కోడలు పిల్లేనా?" అని అడిగింది.

ఆ రాత్రి ఫోన్ చూస్తుంటే ఒక వార్త కనిపించింది. 2024 నాటికి ప్రపంచంలో 550 కోట్ల మంది ఇంటర్నెట్ వాడుతున్నారట, మొబైల్ కనెక్షన్లయితే జనాభాని ఎప్పుడో దాటేశాయట. నా ప్రశ్న చిన్నదే. ఈ లెక్కల్లో మా మామ్మ ఎక్కడుంది? ఇంట్లో ఫోన్ ఉంది, అది కొడుకు జేబులో అరేబియా సముద్రంలో ఉంది. ఊళ్ళో టవర్ ఉంది. మనవడు ఇంటికొస్తే వాడి ఫోన్లో తిరునాళ్ళ వీడియో చూస్తుంది. ఆవిడ ఆన్‌లైన్‌లో ఉన్నట్టా, లేనట్టా? ఎవరు, ఎలా లెక్కేస్తారు?

---

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు చెప్పిన వార్తలో రెండు వేరువేరు లెక్కలు కలిసిపోయాయి. విడదీస్తే సగం సందేహం తీరుతుంది.

మొదటిది కనెక్షన్ల లెక్క. ఇది కంపెనీల నుంచి వస్తుంది. ఇందులో సిమ్ముల్ని లెక్కపెడతారు, తలల్ని కాదు. నాకు రెండు సిమ్ములు, మా అబ్బాయికి రెండు, వాడి ఆఫీసు వాళ్ళిచ్చింది ఒకటి. ఇంట్లో ఇద్దరం, కనెక్షన్లు అయిదు. 2024లో మన దేశంలో పట్టణాల్లో 100 మందికి 130 కనెక్షన్ల దాకా ఉంటే పల్లెల్లో 60 దగ్గర ఆడాయి. మీ మామ్మ వాటాది మా ఇంట్లో ఉంది అనుకోండి, సరిపోతుంది.

రెండోది మనుషుల లెక్క. 550 కోట్లు అన్నది ఇది. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఐటీయూ వేస్తుంది. గడిచిన మూడు నెలల్లో, ఎక్కడినుంచైనా, ఎవరి ఫోనైనా సరే, ఇంటర్నెట్ వాడారా అన్నదే ప్రశ్న. అంటే దసరాకి మనవడొచ్చి తిరునాళ్ళ వీడియో చూపిస్తే, సర్వే చేసేవాడు దాన్ని వాడకం కిందే రాసుకుంటే, సంక్రాంతి దాకా మీ మామ్మ ప్రపంచంలో ఉన్నట్టే. వాడు రాకపోతే మిగతా 260 కోట్ల మందిలోకి జారిపోతుంది.

ఆ 2024 లెక్కలోనే, ధనిక దేశాల్లో 93 శాతం మంది ఆన్‌లైన్‌లో ఉంటే బాగా పేద దేశాల్లో 27 శాతం మందే ఉన్నారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరొకటి. 4జీ సిగ్నల్ ప్రపంచంలో 92 శాతం మందికి అందుతోంది. ఇంటర్నెట్‌కి బయట మిగిలినవాళ్ళలో చాలామంది మీ మామ్మలాగే టవర్ నీడలోనే కూర్చున్నారు.

మన దగ్గరి సంగతీ చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా" అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో 21 శాతం మందే వాడామన్నారు. మగవాళ్ళలో దాదాపు సగం. తెలంగాణలో ఆడవాళ్ళు 26.5 శాతం. అందులోనూ ఆ సర్వే ఆడవాళ్ళని అడిగేది 15 నుంచి 49 ఏళ్ళ వరకే. మీ మామ్మని అసలు అడగనే అడగరు.

---

టవరెక్కినోడు

మాస్టారు సిమ్ముల గురించి చెబితే నవ్వొచ్చింది. నాది ఏలూరు దగ్గర. ఉగాండాలో ఆరేళ్ళు టవర్ల పని చేసి వచ్చాను. అక్కడ ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు సిమ్ములుండేవి. డబ్బులెక్కువై కాదు. ఒకే కంపెనీలో మాట్లాడుకుంటే చవక, వేరే కంపెనీకి చేస్తే బాదుడు. అందుకని అత్తగారి ఊరికి ఒక సిమ్ము, సంతలో బేరాలకి ఒక సిమ్ము. పైనుంచి చూసేవాడికి అభివృద్ధిలా కనిపిస్తుంది, కింద అది పిసినారితనం. చెడ్డమాటగా అనడం లేదు, మా అమ్మదీ అదే తెలివి.

మిస్డ్ కాల్ మనం కనిపెట్టామనుకుంటాం కదా. అక్కడా అదే. ఒక రింగిస్తే "చేరాను", రెండిస్తే "నువ్వే చెయ్యి".

ఊళ్ళల్లో కరెంటు లేదు. మేం టవర్ని డీజిల్ జనరేటర్ మీద నడిపేవాళ్ళం. పొద్దున్నే పిల్లలు ఇంట్లో ఫోన్లన్నీ సంచిలో వేసుకుని సెంటర్లో సోలార్ పలక ఉన్న కొట్టుకి తెచ్చేవాళ్ళు. కొట్టువాడు ప్రతి ఫోనుకీ ఒక ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద అంకె వేసేవాడు, సాయంత్రం డబ్బులిచ్చి తీసుకెళ్ళాలి. పగలంతా ఆ కొట్టు బల్ల మీద పాతిక ఫోన్లు మోగుతూ ఉండేవి, ఎత్తేవాళ్ళు లేరు. ఆ పాతికా కనెక్షన్ల లెక్కలో ఉన్నవే.

ఇది చాలదన్నట్టు 2018 జులై నుంచి ప్రభుత్వం వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటివి వాడితే రోజుకి 200 షిల్లింగుల పన్ను వేసింది. మన లెక్కలో మూడు నాలుగు రూపాయలు. నాకది లెక్కలోది కాదు, మా వాచ్‌మన్‌కి మాత్రం లెక్కే. వారానికి రెండు రోజులే కట్టేవాడు, ఆ రెండు రోజుల్లోనే మెసేజీలన్నీ చూసుకునేవాడు. 2021లో అది తీసేసి డేటా మీదే 12 శాతం పన్ను వేశారు.

---

పాత ఎక్స్ఛేంజి

నేను టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన మనిషిని. మాస్టారి లెక్కలు బాగున్నాయి కానీ, ఉప్పుగాలి గారి అసలు బాధ లెక్క కాదనిపిస్తోంది.

ఐటీయూ వేసిన మెయిట్‌లండ్ కమిషన్ రిపోర్టు 1985లో వచ్చింది, అందులో ఒక మాట మాకు ట్రైనింగులో చెప్పేవాళ్ళు. ఆఫ్రికా ఖండం మొత్తంలో ఎన్ని ఫోన్లున్నాయో అంతకంటే ఎక్కువ ఒక్క టోక్యోలో ఉన్నాయని. విని నోళ్ళు వెళ్ళబెట్టాం. మన సంగతీ గొప్పగా ఏం లేదు, ఫోనుకి దరఖాస్తు పెట్టినవాడు కొడుకు పెళ్ళి నాటికి వస్తుందిలే అనుకునే రోజులు. 1984లో ప్రభుత్వం సీ-డాట్ అని టెలికాం పరిశోధన సంస్థ పెట్టింది. వాళ్ళు చేసిన 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజి 1986లో మొదట కర్ణాటకలో కిత్తూరులో పెట్టారు. దాని గొప్పతనం ఏమిటంటే ఏసీ అక్కర్లేదు. మా పాత ఎక్స్ఛేంజికి ఏసీ ఆగితే మాకు టెన్షన్. ఇది మామూలు గదిలో, దుమ్ములో, మన వైశాఖ మాసపు ఎండలో కూడా పనిచేసేది. పల్లెలకి ఫోన్ వచ్చింది అలా.

తర్వాత పసుపురంగు బోర్డుల ఎస్టీడీ బూతులు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు, ఆ టైముకి బూతు ముందు క్యూ. అద్దాల గదిలో ఎర్ర అంకెలు పరిగెడుతుంటే మనిషి మాట కూడా పరిగెత్తేది. బయటికొచ్చాక మిషన్లోంచి కిర్రుమంటూ బిల్లు.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ బూతులోకి వెళ్ళేవాడిని ఈ ఫోన్ నీదేనా అని ఎవరూ అడగలేదు. జేబులో డబ్బులుంటే చాలు. నంబరు లేకపోయినా మనిషికి విలువుంది. ఇప్పుడు నంబరే మనిషి. ఊరందరికీ ఒక ఫోన్ నుంచి ఇంటికో ఫోన్ దాకా వచ్చి, ఇంట్లో ఆ ఒక్క నంబరు ఎవరిదైతే మిగతావాళ్ళు వాళ్ళ చేతికింద ఉన్నట్టు చేశాం. బ్యాంకు, రేషను, గ్యాసు, అన్నీ సొంత నంబరు ఉందనుకుని కట్టిన ఇళ్ళు. మా కాలం గొప్పదని కాదు, ట్రంక్ కాల్ బుక్ చేసుకుని పొద్దంతా కూర్చున్నవాళ్ళని నేను చూశాను. కానీ ఈ తేడా మాత్రం ఉంది.

---

ఉప్పుగాలి

పెద్దాయనా, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఇంకోటి వినండి. ఇంకొకావిడ నంబరు సొంతదే. అయితే ఫోన్ వచ్చినా రాకపోయినా 28 రోజులకోసారి రీచార్జి ఎందుకని మానేసింది. నెలలు గడిచి నంబరు పోయింది, వేరేవాళ్ళకి వెళ్ళింది. నేను ఇక్కడ ఓటీపీ పంపితే ఎక్కడో నెల్లూరులో ఒకాయనకి చేరుతోంది. ఫోన్ చేసి అడిగితే, "అమ్మా, ఈవిడెవరో నాకు తెలీదు, ఈవిడ గ్యాసు బుకింగు మాత్రం నాకు ప్రతి నెలా తెలుసు" అన్నాడు. పాపం మంచాయనే, ఓటీపీ చదివి చెప్పబోయాడు. ఎవరడిగినా అలా చెప్పకండి అని నేనే ఆపాను.

దీనికి దారేమైనా ఉందా?

---

లెక్కల మాస్టారు

ఉంది, పూర్తిగా కాదు. ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరుకి ఓటీపీ అక్కర్లేదు. 2021 నుంచి పోస్ట్‌మన్ కూడా ఇంటికొచ్చి మారుస్తున్నాడు, పోస్టాఫీసులో అడగండి. వేలు పడనివాళ్ళ సంగతి ముందే చెప్పి, కంటి మిషను ఉన్న ఆధార్ సెంటరుకి తీసుకెళ్ళడం మేలు.

నంబరు బతికుండాలంటే రీచార్జి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధన పెట్టింది. డేటా అంటగట్టకుండా కాల్స్, మెసేజీలకే వేరే ప్యాక్ ఉండాలని, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని. ప్యాకులు వచ్చాయి. కానీ ఏడాది ప్యాకు తీసుకుంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి, ఎండుచేపలమ్మే మనిషికి అది ఒక్కరోజులో పుట్టే డబ్బు కాదు. డ్వాక్రా సంఘంలో మాట్లాడి చూడండి.

---

టవరెక్కినోడు

మాస్టారూ, నంబరు మార్చడం సరే. కొత్త నంబరు ఎవరిది ఇస్తుంది ఆవిడ? అక్కడే కదా కథ మొదలైంది.

---

ఉప్పుగాలి

సరిగ్గా పట్టుకున్నారు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటాను, తిట్టేవాళ్ళు తిట్టండి.

రెండేళ్ళ క్రితం ఇలాంటి ముసలివాళ్ళు పదకొండు మందిని ఆధార్ సెంటరుకి తీసుకెళ్ళినప్పుడు, ఎవరి నంబరూ లేక, నా నంబరే ఇచ్చేశాను. చెయ్యకూడదని తెలుసు. లైన్లో ముప్పై మంది ఉన్నారు, సర్వర్ అప్పుడే లేచింది, మళ్ళీ ఎప్పుడు పడుకుంటుందో తెలీదు. ఇప్పుడు ఈ పదకొండు మంది మెసేజీలూ నాకొస్తాయి. ఎవరు ఎప్పుడు డబ్బు తీశారో వాళ్ళ కొడుకుల కంటే ముందు నాకే తెలుస్తుంది. ఒకావిడ కొడుకు వచ్చి "మా అమ్మ పింఛను డబ్బులు ఏం చేస్తోంది మేడమ్" అని నన్నే అడిగాడు. చెప్పలేదు.

వచ్చే నెలలో బదిలీల లిస్టు వస్తుందంటున్నారు. అందులో నా పేరుంటే ఈ పదకొండు మందీ నాతోపాటు మండలం దాటి వెళ్ళిపోతారు. అందుకే నిన్నటినుంచి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తున్నాను, పోస్ట్‌మన్ గురువారం వస్తానన్నాడు. ముగ్గురికి మనవరాళ్ళ నంబర్లు దొరికాయి. ఒకావిడ సంఘం యానిమేటర్ నంబరు ఇస్తానంది, అదీ నాలాంటి తప్పే, వద్దన్నాను.

సోమవారం వచ్చిన మామ్మ ఈ పదకొండు మందిలో లేదు. అయినా దారిలో ఆపి సంగతంతా విని, తన కొడుకు నంబరు తీసేసి నాది పెట్టమంది. అలా కుదరదు మామ్మా, నేను వెళ్ళిపోతాను అని చెప్పాను.

"ఎల్తే ఎల్లు తల్లీ," అంది, "నువ్వెక్కడున్నా ఫోనెత్తుతావు. ఆడు ఒడ్డునున్నా ఎత్తడు."