అప్‌డేట్: "తెలుగు ఫ్యామిలీకే అద్దెకు" అని యాడ్‌లో పెట్టొచ్చా?

ఇంతకుముందు నేనడిగిన ప్రశ్న ఇది: టెక్సస్‌లో ఒక ఓనర్ ఇల్లు "తెలుగువాళ్లకే, పిల్లలు లేనివాళ్లకే" అద్దెకివ్వమంటున్నారు. క్లయింట్ మాట రియల్ ఎస్టేట్ ఏజెంట్ వినాలి కదా? తేలిందేమిటంటే, వినకూడదు. ఏజెంట్ పాటించాల్సింది చట్టానికి లోబడిన మాటే.

ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను ఆపే అమెరికా చట్టం, 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్, ఇప్పుడు జాతి, రంగు, మతం, లింగం, నేషనల్ ఆరిజిన్ (ఏ దేశం, ఏ మూలాల వాళ్లన్నది), వైకల్యం, 18 ఏళ్లలోపు పిల్లలుండటం అనే ఏడింటి మీద వివక్ష కూడదంటుంది. ఓనర్ పెట్టిన రెండు షరతులూ ఇందులో పడ్డాయి.

మూడుకి మించి ఇళ్లు లేని ఓనర్‌కి మినహాయింపు ఉందని జవాబుల్లో కొందరు రాశారు. నిజమే, కానీ ఏజెంట్ సాయం తీసుకున్నారంటే అది పోయినట్టే. సొంతంగా ఇచ్చుకున్నా యాడ్‌లో ఆ మాట రాయకూడదు. జాతి విషయంలోనైతే 1866 నాటి సివిల్ రైట్స్ యాక్ట్ (పౌరహక్కుల చట్టం) ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

అందుకే యాడ్‌లో ఇంటి గురించే రాయాలి, వచ్చేవాళ్ల గురించి కాదు: "మూడు బెడ్‌రూమ్‌లు, ఫెన్స్ ఉన్న బ్యాక్‌యార్డ్". ఆదాయం, క్రెడిట్, పాత అద్దె రికార్డు కొలతలు ముందే కాగితం మీద పెట్టి అందరికీ ఒకేలా వాడాలి. ఓనర్ అయినా పట్టుబడితే, ఏజెంట్ తన పై బ్రోకర్‌కి చెప్పి ఆ లిస్టింగ్ (ఇల్లు అద్దెకిప్పించే పని) వదులుకోవడమే.

మనవాళ్లు తరచూ అడిగే "తెలుగువాళ్లు ఎక్కువగా ఏ ఏరియాలో ఉంటారు?" కూడా చిక్కే. ఏజెంట్ ఏరియా పేర్లు చెప్పి అటు నడిపిస్తే అది స్టీరింగ్, అంటే మనుషుల మూలాలను బట్టి ఏరియాలకు మళ్లించడం; అదీ వివక్షే. బడ్జెట్, ఆఫీసు దూరం అడగండి, ఏరియా వాళ్లనే ఎంచుకోనివ్వండి.