ఖండించే వ్యాసంలో ఆ సైటుకు లింకు ఇవ్వాలా, వద్దా?

తుంగభద్ర:
కషాయం తాగితే మధుమేహం పూర్తిగా పోతుందని, ఇన్సులిన్ మానేయవచ్చని ప్రచారం చేస్తున్న ఒక తెలుగు సైటు మీద ఖండన రాస్తున్నాను. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వాళ్ల మాటలను ఉన్నవి ఉన్నట్టు చూపించి జవాబు చెబుతున్నాను. చిక్కంతా లింకు దగ్గరే వచ్చింది. ఇస్తే గూగుల్‌లో ఆ సైటు ఇంకా పైకి వెళ్తుందని మిత్రులు వారిస్తున్నారు. ఇవ్వకపోతే వాళ్లు అనని మాటలు అంటగట్టానంటారు. నా మొగ్గు ఇవ్వడం వైపే.

నల్లరేగడి:
ఇవ్వకండి. వెతికినప్పుడు ఏ పేజీ పైన రావాలో తేల్చడానికి గూగుల్ వాడిన లెక్క పేజ్‌ర్యాంక్. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రకటించిన ఆ లెక్కకు లింకులే ఆధారం. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఓటు కింద లెక్క. మీరు తిట్టారా, మెచ్చుకున్నారా అన్నది ఆ లెక్కకు పట్టదు. 2010లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన కళ్లజోళ్ల వ్యాపారి ఉదంతం గుర్తుందా? కొన్నవారిని బెదిరించేవాడు. వాళ్లు ఇంటర్నెట్‌లో గోడు వెళ్లబోసుకుంటే, ఆ ఫిర్యాదుల వల్లే తన దుకాణం గూగుల్‌లో పైకి వస్తోందని బాహాటంగా చెప్పుకున్నాడు.

పాలపిట్ట:
ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకే అలాంటి వ్యాపారులను కిందికి దించేలా తమ పద్ధతి మార్చామని గూగుల్ ప్రకటించింది, అది కూడా చెప్పాలి కదా. పైగా 2005 నుంచి నోఫాలో ఉంది. గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ మూడూ దాన్ని ఆమోదించాయి. లింకు కోడులో ఆ ఒక్క మాట చేరిస్తే, పాఠకుడికి దారి చూపిస్తున్నాను గానీ ఓటు వేయడం లేదని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పినట్టే. 2019లో గూగుల్ దీన్ని ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటామంది. అయినా చేతిలో ఉన్న మంచి సాధనం అదే.

నల్లరేగడి:
నోఫాలో యంత్రానికి చెబుతుంది, మనిషికి కాదు. బిడ్డకు రోజూ సూది గుచ్చలేక అల్లాడుతున్న తల్లి ఆ లింకు నొక్కితే ఆమెను ఆపేదెవరు? స్క్రీన్‌షాట్ పెట్టండి, చాలు.

తుంగభద్ర:
ఆ తల్లి గురించే నా బాధ కూడా. కానీ స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా మార్చగలరు, నేను మార్చలేదని రుజువేమిటి? రేపు ఆ సైటువాళ్లు ఇన్సులిన్ వాక్యం చడీచప్పుడు లేకుండా తీసేస్తే నా వ్యాసమే అబద్ధమవుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పేజీ ప్రతిని భద్రపరిచి, దానికి నోఫాలోతో లింకు ఇస్తాను. సైటు పేరు మాత్రం దాచను. ఆ పేరుతో వెతికేవారికే నా ఖండన ముందు కనబడాలి.

గోరువంక:
అయితే ఇంకో అడుగు వేద్దాం. మనందరం మన సైట్లలో ‘మధుమేహానికి కషాయం’ అన్న మాటల మీద మీ వ్యాసానికి లింకు పెడదాం. అప్పుడు ఆ మాటలతో వెతికేవారికి మీ వ్యాసమే పైన కనబడుతుంది. 2004లో ‘జ్యూ’ (యూదుడు) అని ఇంగ్లీషులో వెతికితే యూదు ద్వేషపు సైటు గూగుల్‌లో మొదట వచ్చేది. తీసేయడానికి గూగుల్ ఒప్పుకోలేదు, వివరణ మాత్రం పెట్టింది. అప్పుడు జనం వికీపీడియా వ్యాసానికి లింకులు గుప్పించి దాన్ని పైకి తెచ్చారు. అది తప్పంటారా?

తుంగభద్ర:
మీ ఉద్దేశం మంచిదే, అయినా నాకు వద్దండీ. 2003లో ‘ఘోర వైఫల్యం’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలతో వెతికితే జార్జ్ బుష్ జీవిత చరిత్ర పేజీ వచ్చేలా చేసింది ఈ పద్ధతితోనే. మంచి పనికైతే చెల్లుతుందని ఈరోజు మనం అంటే, కషాయం సైటువాళ్లూ తమది మంచి పనే అంటారు. వాళ్ల అభిమానులు మనకంటే ఎక్కువ. వ్యాసం చదివి నిజమనిపిస్తే, మీ పాఠకులకు పనికొస్తుందనిపిస్తే లింకు ఇవ్వండి. చదవకుండా మాత్రం ఒక్కరూ ఇవ్వకండి.

నల్లరేగడి:
ఆర్కైవ్ ప్రతి అయితే కొంత నయం. అయినా లింకు మొదటి పేరాలో వద్దు. డాక్టరును అడగకుండా ఇన్సులిన్ ఆపకూడదన్న పేరా ముందు పెట్టండి, అది చదివాకే లింకు కనబడాలి.