గది మీది డెక్: వాటర్‌ప్రూఫ్ పొర టైల్స్ కింద ఉండాలా, పైకి కనిపించాలా?

ప్రశ్న వేసిన సభ్యురాలు

పడకగదికి పైకప్పుగా ఉన్న కాంక్రీటు స్లాబునే పై అంతస్తులో ఆరుబయట కూర్చునే డెక్‌గా మార్చుకోవాలని అనుకుంటున్నాం. వాటర్‌ప్రూఫ్ పొర వేసి, దాని మీద గచ్చు పోసి, టైల్స్ అతికించాలని ఒక మేస్త్రీ అంటున్నారు. టైల్స్ వద్దని, రబ్బరులా సాగే పాలీయురెథేన్ వాటర్‌ప్రూఫ్ పూతను పైకి కనిపించేలా వదిలేయమని మరొకరు అంటున్నారు. దయచేసి ఏది మంచిదో కారణాలతో సహా చెప్పగలరు.

మొదటి సభ్యుడు

నేను పైకి కనిపించే పూతనే సమర్థిస్తాను. టైల్స్ మధ్య నింపే సిమెంటు గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదు. దాని గుండా దిగిన నీరు గచ్చులో చాలాకాలం నిలిచి, అందులోని సున్నాన్ని కరిగించుకొని, టైల్స్ అంచుల వద్ద తెల్లటి చారలుగా బయటపడుతుంది. పొరకు ఒకచోట చిల్లు పడితే నీరు అడుగున పాకుతూ పోయి మరెక్కడో గదిలోకి దిగుతుంది కనుక, కింద చెమ్మ కనిపించిన చోటిని బట్టి పైన లోపాన్ని గుర్తించడం దాదాపు అసాధ్యం. అప్పుడు డెక్ మొత్తం పగలగొట్టవలసి వస్తుంది. పూత కంటికి కనిపిస్తుంటే చిరిగిన మేరకే బాగుచేసుకోవచ్చు.

రెండవ సభ్యుడు

కంటికి కనిపించేది ఎండకూ, కుర్చీ కాళ్ల రాపిడికీ కూడా దొరుకుతుంది. సాధారణ ఆరోమాటిక్ పాలీయురెథేన్ అతినీలలోహిత కిరణాలకు పసుపుబారి క్రమంగా క్షీణిస్తుంది కాబట్టి, దాని మీద ఎండను తట్టుకునే రకమైన ఆలిఫాటిక్ పూత వేసి, అరిగినప్పుడల్లా మళ్లీ వేస్తూ ఉండాలి. కొన్ని యాక్రిలిక్ పూతలు నీరు నిలిచిన చోట మెత్తబడతాయి. ఇల్లు చేతులు మారాక ఈ శ్రద్ధ ఎవరు తీసుకుంటారు? టైల్స్ కింద ఉన్న పొరకు ఎండా తగలదు, రాపిడీ ఉండదు.

మూడవ సభ్యురాలు

మీరిద్దరూ చెప్పినవి నిజాలే. అయితే పొర మీద ఏముండాలన్న దానికంటే ముందు, పొర కింద ఏముందో చూడాలి. స్లాబును సమతలంగా వదిలి, దానిపైనే పొర పరచి, వాలును పై గచ్చులో తీర్చే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పైన పడిన నీరు చక్కగా జారిపోతున్నట్టే కనిపిస్తుంది గానీ, గచ్చులోకి దిగిన నీరు సమతలమైన పొర మీద కదలక నిలిచిపోతుంది. మీటరుకు 20 మిల్లీమీటర్ల వాలును పొర కిందనే తీర్చాలి. తూము కూడా పైనున్న నీటితో పాటు పొర మీదికి చేరిన నీటిని లాగేదై ఉండాలి. టైల్స్ వేసేవారు పొర మట్టంలో నీటిని లాగే ఈ రెండవ దారిని సిమెంటుతో పూడ్చేయడం ఎంత సాధారణమో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక కదలిక సంగతి. కాంక్రీటు ఉష్ణోగ్రత పెరిగే ఒక్కో సెల్సియస్ డిగ్రీకి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. అంటే 6 మీటర్ల స్లాబు 40 డిగ్రీల తేడాకు దాదాపు 2.4 మిల్లీమీటర్లు సాగడమో కుదించుకోవడమో జరుగుతుంది. గట్టిగా అతికించిన టైల్స్‌కు 2.4 నుంచి 3.6 మీటర్లకొకసారి, గోడ అంచుల పొడవునా, సాగే సీలెంటుతో సందు వదలకపోతే అవి లేచిపోతాయి.

అందుకే నా మొగ్గు టైల్స్ అతికించకుండా, ఎత్తు సర్దుకునే పెడెస్టల్ కాళ్ల మీద పలకలు పరచడం వైపు. పొరకు ఎండ తగలదు, నీరు సందుల్లోంచి నేరుగా పొర మీదికి జారి తూము చేరుతుంది, అనుమానం వస్తే పలక లేపి చూసుకోవచ్చు.

రెండవ సభ్యుడు

పలకల కింద ఆకులు, మట్టి చేరి తూము పూడుకుపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. గాలి తాకిడి ఎక్కువగా ఉండే ఎత్తులో తేలిక పలకలు లేచే ప్రమాదమూ ఉంది. వీటికి జవాబు లేకుండా ఆ పద్ధతిని ఒప్పుకోలేను.

మూడవ సభ్యురాలు

న్యాయమైన అభ్యంతరాలే. తూము మీది పలకను సులువుగా తీయగలిగేలా పెట్టి, వానాకాలానికి ముందు శుభ్రం చేయాలి. తూము పూడినా నీరు బయటికి పోయేలా పిట్టగోడలో మరొక దారి వదలాలి. పలకల బరువును గాలికి తగ్గట్టు ఇంజనీరు నిర్ణయించాలి.

ప్రశ్న వేసిన సభ్యురాలు

పలకలు పరిస్తే డెక్ మట్టం పై అంతస్తు గది గడప దాకా వస్తుంది. అప్పుడు నీరు లోపలికి రాదా?

మూడవ సభ్యురాలు

పొరను గోడల మీదికి, పూర్తయిన నేల మట్టానికి 150 మిల్లీమీటర్ల పైదాకా ఎక్కించడం మంచి పద్ధతి. తలుపు దగ్గర అది కుదరనప్పుడు గడప పొడవునా జాలీ మూతతో కాలువ పెట్టి, పొరను గడప కిందుగా ఎక్కించి ముగించాలి. గడపకు అంత ఎత్తు కూడా మిగలకపోతే పెడెస్టల్ ఆలోచన మానుకొని, మందం తక్కువగా ఉండే పూతనే ఎంచుకోండి. ఆ పరిస్థితిలో మొదటి సభ్యుడి మాటే సరైనది. రెయిలింగ్ కాళ్లను పొరకు చిల్లు పెట్టి దించకుండా స్లాబు పక్క అంచుకు బిగించండి.

ఏది ఎంచుకున్నా స్లాబు బాగా ఆరాకే పొర వేయించండి. తడి మీద వేస్తే ఆవిరికి బుడగలు లేస్తాయి. తర్వాత, పైన ఏదీ పరచకముందే, తూము మూసి, గడప దాటనంత మట్టంలో 25 నుంచి 50 మిల్లీమీటర్ల నీరు కనీసం 24 గంటలు నిలిపి, కింది గది కప్పును పరిశీలించండి. 50 మిల్లీమీటర్ల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు కాబట్టి, స్లాబు దాన్ని మోయగలదని ముందే ఇంజనీరును అడిగి నిర్ధారించుకోండి.