ఓఓ ఇంజన్‌ని ఈఎంకి మార్చాలి: చక్రాలు జరిపితే చాలా, ఇంకేమైనా కదిలించాలా?

చిన్నబండి:
4 మి.మీ. స్కేల్ (నిజం బండిలో అడుగుకి ఇక్కడ 4 మి.మీ.) రెడీమేడ్ ఓఓ మోడల్ రైలు ఇంజన్, 2-6-0 (ముందు రెండు చిన్న చక్రాలు, తర్వాత ఆరు నడిపే చక్రాలు), బయటి సిలిండర్లు. అదే స్కేల్‌లో పట్టాలు ఇంకాస్త ఎడంగా ఉండే ఈఎంకి మార్చాలా, అంతకన్నా ఎడమైన పీ4కి వెళ్లాలా తేల్చుకోలేకపోతున్నా. ఛాసిస్ (చక్రాలు బిగించే చట్రం) మాత్రం ఫ్యాక్టరీదే ఉంచాలని ఉంది. ఉన్న చక్రాలనే దూరం జరిపితే సరిపోతుందా? లేత్ లేదు. వెర్నియర్, చిన్న వైస్, ఆకురాళ్లు, పిన్ వైస్ ఉన్నాయి.

ఇరుసు:
ముందు అంకెలు చూడండి. ఓఓ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 16.5 మి.మీ., ఈఎం 18.2, పీ4 18.83. చక్రాల వెనక ముఖాల మధ్య దూరం, అంటే బ్యాక్ టు బ్యాక్, ఓఓలో సుమారు 14.5, ఈఎంలో 16.5, పీ4లో 17.67 నుంచి 17.75. ఓఓ గేజూ ఈఎం బ్యాక్ టు బ్యాకూ రెండూ 16.5 కావడంతో కొత్తవాళ్లు తికమక పడుతుంటారు, జాగ్రత్త.

అసలు చూడాల్సింది చక్రాల బయటి ముఖాల మధ్య దూరం. ఓఓ టైరు వెడల్పు దాదాపు 2.8, కాబట్టి మొత్తం 20.1. ఈఎం టైరు 2.3, మొత్తం 21.1. పీ4 టైరు 2.0, మొత్తం 21.75. అంటే ఈఎంలో ఒక్కో వైపు అర మిల్లీమీటరు, పీ4లో 0.8 బయటికి వస్తాయి. ఉన్న ఓఓ చక్రాలనే 16.5కి జరిపితే మొత్తం 22.1 అవుతుంది, పీ4 కన్నా ఎక్కువ! పైగా పాత ఇరుసు పొట్టిది, చక్రం దాని కొసన వేలాడుతుంది. కొత్త చక్రాలు, పొడుగు ఇరుసులు కొనాల్సిందే.

ఫ్యాక్టరీ ఛాసిస్ ఉంచాలంటే నా ఓటు ఈఎంకే. పీ4లో ఫ్లాంజ్ (చక్రాన్ని పట్టా మీద నిలిపే లోపలి అంచు) లోతు 0.38 మి.మీ. మాత్రమే. బిగుతు ఛాసిస్‌లో పట్టా కాస్త పల్లమైతే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, ఫ్లాంజ్ పట్టా ఎక్కేస్తుంది. పీ4కి హార్న్‌బ్లాకులు (ఇరుసు పైకీ కిందకీ కదిలే బేరింగులు), కాంపెన్సేషన్ బీమ్ (ఇరుసుల మధ్య బరువు పంచే ఊగే కడ్డీ) లేదా స్ప్రింగులు ఉంటేనే నిశ్చింత. అలా ఇరుసులు విడివిడిగా కదిలినప్పుడు కప్లింగ్ రాడ్లకు (నడిపే చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలకు) కీలు కూడా ఉండాలి. అంతదాకా వెళ్తే కొత్త ఛాసిస్ కట్టినట్టే.

చిన్నబండి:
ఈఎం ఖాయం. చక్రాలు ఆర్డర్ చేసేముందు ఏమేం కొలవాలి?

ఇరుసు:
ఇరుసు వ్యాసం మొదట. 1/8 అంగుళం అంటే 3.175 మి.మీ.; కొన్ని ఇంజన్లలో 3 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. బేరింగ్‌లో 1/8 ఇరుసు దూరదు, రీమర్‌తో (రంధ్రాన్ని గుండ్రంగా పెద్దది చేసే పనిముట్టుతో) పెద్దది చేయాలి. ఇరుసు మీది గేరు చక్రానికీ అంతే. గేరు రంధ్రాన్ని చేత్తో డ్రిల్ చేయకండి, కేంద్రం తప్పితే ప్రతి చుట్టులో ఒకసారి మూలుగుతుంది. తర్వాత చక్రం వ్యాసం, స్పోకుల సంఖ్య, క్రాంక్ త్రో (ఇరుసు కేంద్రం నుంచి రాడ్ తగిలే క్రాంక్‌పిన్‌కి దూరం). నిజం బండిలో పిస్టన్ స్ట్రోక్ 26 అంగుళాలైతే త్రో 13 అంగుళాలు, స్కేల్‌లో 4.33 మి.మీ.

ఛాసిస్ బ్లాక్ వెడల్పు కూడా రాసిపెట్టుకోండి. అది 12 మి.మీ. అనుకుందాం. 16.5లోంచి 12 పోతే 4.5. ఒక్కో వైపు 0.25 ఆట (పక్కకి కదిలే వదులు) వదిలితే, మిగిలిన 2.0 చొప్పున రెండువైపులా వాషర్లతోనో సన్న గొట్టం ముక్కలతోనో నింపాలి. నింపకపోతే ఇరుసు అటూ ఇటూ జారి గేరు వార్మ్ (మోటారు మీది మర గేరు) మీద సగమే పడుతుంది.

మధ్య ఇరుసుకి ఎక్కువ ఆట ఇవ్వండి. ఎంతన్నది లెక్కే చెబుతుంది: వీల్‌బేస్ 64 మి.మీ., వంపు వ్యాసార్ధం 900 అయితే 64 × 64 ÷ (8 × 900) = 0.57 మి.మీ. మధ్య చక్రం అంత పక్కకు జరగాలి.

స్పోకుకన్ను:
లేత్ లేదన్నారు కాబట్టి ఇంకో దారి. చదరపు కొసల ఇరుసులున్న రోమ్‌ఫోర్డ్, మార్కిట్స్ తరహా చక్రాలైతే క్వార్టరింగ్ (ఇరుసుకి రెండువైపుల క్రాంకుల మధ్య 90 డిగ్రీలు కుదర్చడం) దానంతటదే కుదురుతుంది. ఈఎంకి పొడుగు ఇరుసులు కూడా దొరుకుతాయి. ప్లాస్టిక్ మధ్యభాగం, స్టీలు టైరు ఉండి ఒత్తి బిగించే రకమైతే క్వార్టరింగ్ ఒత్తేటప్పుడే కుదర్చాలి. సుత్తి ముట్టొద్దు. వైస్ దవడల మధ్య నిటారుగా, మెల్లగా నొక్కాలి. పదేపదే తీసి పెడితే ప్లాస్టిక్ పట్టు వదిలేస్తుంది.

క్వార్టరింగ్ చూడటానికి స్పోకులే చాలు. స్పోకుల సంఖ్య 4తో భాగించబడితే (16, 20 లాగా), క్రాంకుల మధ్య 90 డిగ్రీలు సరిగ్గా ఉన్నప్పుడు పక్కనుంచి చూస్తే అవతలి స్పోకులు ఇవతలి వాటి వెనక దాక్కుంటాయి. 18 స్పోకులైతే అవతలివి సరిగ్గా సందుల మధ్యలో కనబడతాయి. మూడు ఇరుసుల్లోనూ దృశ్యం ఒకేలా ఉండాలి. నిజానికి 90 ఉండటం కన్నా మూడూ ఒకటే కావడం ముఖ్యం. మూడూ 88 డిగ్రీలైనా బండి హాయిగా నడుస్తుంది. ఒకటి 90, ఒకటి 88 అయితే నడవదు.

చిన్నబండి:
ఒత్తే రకమే తెప్పించి బిగించాను. స్పోకులు బాగానే కుదిరినట్టున్నాయి. కానీ రాడ్లు పెట్టాక చేత్తో తోస్తే అక్కడక్కడ పట్టేస్తోంది. క్వార్టరింగేనా?

ఇరుసు:
మోటారు, సిలిండర్ రాడ్లు తీసేసి, కప్లింగ్ రాడ్లు మాత్రమే ఉంచి ఒక చుట్టులో ఎన్నిసార్లు పడుతోందో లెక్కపెట్టండి.

నాలుగుసార్లు, అదీ క్రాంకులు ఏటవాలుగా 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడైతే క్వార్టరింగ్ తేడా. రెండేసార్లు, ఒకవైపు క్రాంకులు పూర్తిగా ముందుకీ వెనక్కీ చాచినప్పుడైతే ఆ వైపు రాడ్ రంధ్రాల దూరానికీ ఇరుసుల దూరానికీ పొత్తు లేదు. కారణం తేలికే: క్రాంకు రాడ్‌తో ఒకే గీతలో ఉన్నప్పుడు పొడవులో తేడాని చక్రం కాస్త తిరిగి సర్దుకోలేదు, మిగతా చోట్ల సర్దుకుంటుంది. చుట్టుకి ఒక్కసారే అయితే చక్రం ఊగుతోందేమో చూడండి. రాడ్లతో సాఫీగా ఉండి మోటారు పెట్టాకే పడితే గేరు మెష్ (పళ్లు కలిసే చోటు) బిగుతు.

చిన్నబండి:
నాలుగుసార్లే. 45 దగ్గరే.

స్పోకుకన్ను:
అయితే ముందు ఏ ఇరుసుదో పట్టుకోండి. రాడ్ కీలు దగ్గర విడిపోయేదైతే ముందు, మధ్య ఇరుసులకే తగిలించి చూడండి. తర్వాత మధ్య, వెనక. దొంగ ఇరుసు తేలాక ఒక చక్రాన్ని పట్టుకుని రెండోదాన్ని వెంట్రుకవాసి తిప్పండి. 4.33 త్రో దగ్గర ఒక డిగ్రీ అంటే క్రాంక్‌పిన్ 0.075 మి.మీ. కదులుతుంది, కాబట్టి కంటికి కనబడేంత తిప్పితే ఎక్కువైపోయినట్టే. గేరున్న ఇరుసుని కదపకుండా మిగతా రెండింటినీ దానికి కుదర్చండి.

రాడ్ రంధ్రాలు పెద్దవి చేయడం చివరి మందు. అదీ కోసే బ్రోచ్‌తో (రంధ్రం అంచు చెక్కే సన్నటి పనిముట్టుతో), మొత్తం 0.1 దాటకుండా.

అన్నీ కుదిరాక ఇరుసూ చక్రం కలిసే అంచు మీద 0.5 మి.మీ. రంధ్రం, ఇరుసుకి సమాంతరంగా, సగం స్టీలులో సగం ప్లాస్టిక్‌లో పడేలా వేసి 0.5 తీగ దిగ్గొట్టండి. ఇక తిరగదు. డ్రిల్ మెత్తటి ప్లాస్టిక్ వైపు ఒరిగిపోతుంది, ముందుగా పొడిచి గుర్తు పెట్టుకోండి. లాకింగ్ ద్రవాలు కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడతాయి, వాటికన్నా ఈ తీగే మేలు.

చిన్నబండి:
కుదిరింది! ఇప్పుడు ముందు క్రాంక్‌పిన్ నట్టు క్రాస్‌హెడ్ (పిస్టన్ కడ్డీ కొసన జారే ముక్క) వెనక్కి తగులుతోంది.

ఇరుసు:
బయటి సిలిండర్ల బండికి ఇది తప్పదు. వరుసగా ఇలా చేయండి. మొదట ముందు ఇరుసు ఆట వైపుకి 0.1కి తగ్గించండి, వంపులో సర్దుబాటు మధ్య, వెనక ఇరుసులు చూసుకుంటాయి. తర్వాత ఆ ఒక్క పిన్ దగ్గర నట్టు తీసేయండి. రాడ్ బయటి ముఖం మీద రంధ్రం అంచుని కౌంటర్‌సింక్ చేసి (గుంటగా వెడల్పు చేసి), టోపీ ఆకారపు బుష్‌ని తిరగేసి దాని అంచు ఆ గుంటలో కూర్చునేలా బిగించి, బయటికి పొడుచుకొచ్చిన పిన్‌ని రాడ్‌తో సమానంగా కోసేయండి. 0.5 మి.మీ. దాకా కలిసొస్తుంది. ఇంకా తగిలితే క్రాస్‌హెడ్ వెనక ముఖాన్ని 0.2 అరగదీయండి. సిలిండర్లను బయటికి జరపడం ఆఖరి మాట: ఒక్కో వైపు 0.5 అంటే నిజం బండిలో అంగుళంన్నర, ముందునుంచి చూస్తే తెలిసిపోతుంది. ప్లాట్‌ఫాం అంచుకీ తగలొచ్చు.

స్పోకుకన్ను:
బాడీ పెట్టేముందు ఇంకో మూడు. స్ప్లాషర్ల (చక్రాల పైని కప్పుల) లోపలి గోడలు ఒక్కో వైపు అర మిల్లీమీటరు పలచన చేయాలి. లోపల సన్నగా నల్లరంగు పూసి బండి నడిపితే ఎక్కడ రాసుకుంటోందో మెరుపు చెబుతుంది. బ్రేక్ షూలు ట్రెడ్ (చక్రం పట్టా మీద దొర్లే భాగం) ఎదురుగా రావాలంటే 0.85 బయటికి. పికప్ తీగలు (చక్రాల నుంచి మోటారుకి కరెంటు తెచ్చేవి) చక్రాల వెనక ముఖాన్ని అందుకోలేవు, 0.45 ఫాస్ఫర్ బ్రాంజ్ తీగతో కొత్తవి వంచుకోండి, ఒత్తిడి ఎక్కువైతే అవే బ్రేకులవుతాయి.

ముందు చిన్న చక్రాల పోనీ ట్రక్కుకి బరువో స్ప్రింగో లేకపోతే పాయింట్ల (దారి మారే పట్టాల) దగ్గర అదే మొదట పట్టా దిగుతుంది. దాని బ్యాక్ టు బ్యాక్ కూడా 16.5 ఉందో లేదో చూడండి. ఈఎంలో చెక్ రైలు (పాయింట్ల దగ్గర చక్రాన్ని దారిలో ఉంచే అదనపు పట్టా) సందు 1.0, 18.2లోంచి రెండు సందులూ పోగా మిగిలేది 16.2. అంతకన్నా తక్కువైతే చక్రాలు చెక్ రైలు మీదికి ఎక్కి కూర్చుంటాయి.